వదిన పేరు మీద నేను రాసిన కాగితం

ఏడేళ్ళుగా నేను ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. ఏ ఆఫీసు బీరువాలో ఉందో, ఏ చెదలు తినేశాయో నాకు తెలియదు. దాని మీద ఉన్న అక్షరాలు నావి. పేరు మాత్రం నాది కాదు. నన్ను నొక్కేస్తున్నది ఆ కాగితమా, దాని గురించి తరువాత చెప్పిన అబద్ధమా అని అడిగితే అదీ సరిగ్గా చెప్పలేను. రెండూ కలిసిపోయాయి. విడదీసి చూసుకుందామని ఇది మొదలుపెట్టాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ళకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను, ప్రతిసారీ వేరే మాట వచ్చింది. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. అందుకని నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఒక షావుకారి గోదాంలో పని చేసేదాన్ని. బెల్లం దిమ్మలను గోనెపట్టాలో చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టి, వరసగా పేర్చాలి. మనిషికి ఒక వరస. మాలో ఒక పద్ధతి ఉండేది. తన వరస అయిపోయిన మనిషి పక్కామె వరస అందుకోవాలి. ఎవరూ అడగరు. అందుకున్నామని చెప్పుకోము కూడా. పక్కామె చెయ్యి నెమ్మదించిందని కనిపిస్తే చాలు, నీ దబ్బనం ఆమె గోనెలో దిగాలి. అందుకోని మనిషిని ఎవరూ తిట్టేవారు కాదు కానీ, మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని అన్నం తినేవారు కాదు.

నా పక్క వరస నూకరత్నం వదినది. పేరు మార్చి రాస్తున్నాను. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆమె అమ్మవారికి మొక్కేది, నేను చర్చికి వెళ్ళేదాన్ని. పదహారేళ్ళు పక్కపక్కన కుట్టిన మీదట వరస దానంతట అదే కలిసింది. ఆమె నాకంటే పెద్దది, నాకంటే గట్టిది. లెక్క ఆమె నోట్లోనే ఉండేది. ఎన్ని దిమ్మలు వచ్చాయి, ఎన్ని కుట్టాం, ఎన్ని మిగిలాయి అని గుమస్తా పుస్తకం తిరగేస్తూ ఉండగానే ఆమె చెప్పేసేది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటుంటే, "ఒలే మరదలా, నీ తలకాయ కూడా దిమ్మేనే, గొడ్డలెట్టి కొడితేగానీ పగలదు" అని అందరి ముందూ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వు ఎంతవరకు నిజమో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మా చర్చి వెనక రేకుల హాలులో సాయంత్రం బడి పెట్టారు. పెద్దవాళ్ళకు చదువు చెప్పే పథకం. సలోమి అనే పిల్ల టీచరుగా వచ్చింది. ఇంటరు చదివింది, మా అందరికీ కూతురి వయసు. గోదాం నుంచి మేం పదిమందిమి చేరాం. వదిన మొదట రానంది. "సచ్చేక యముడు నా సేత సంతకం ఎట్టించుకుంటాడేటే?" అంది. నేను వదలలేదు. లాక్కుని వెళ్ళాను. ఇది గుర్తుంచుకోండి. ఆమెను అక్కడికి తీసుకెళ్ళింది కూడా నేనే.

నాకు అక్షరాలు తొందరగా వచ్చాయి. నాకే ఆశ్చర్యం వేసింది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి బస్సుల బోర్డులు చదివేదాన్ని. గొలుగొండ, సబ్బవరం, అచ్యుతాపురం. ఎక్కడానికి కాదు, ఊరికే చదవడానికి వెళ్ళేదాన్ని. వదినకు మాత్రం విచిత్రంగా అయింది. సలోమి నల్లబల్ల మీద పెద్ద పెద్దగా రాసినన్నాళ్ళూ అందరికంటే ముందు ఆమే చెప్పేది. పుస్తకాలు పంచాక ఆగిపోయింది. పదంలో సగం చదివి నిలబడిపోయేది. పై వరస చదువుతూ కింది వరసలోకి జారిపోయేది. ఇంటి దగ్గర పుస్తకం తీయడం లేదని సలోమి అనుకుంది. వదిన కూడా ఔనంది. తీరిక లేదంది.

నాకు తెలుసు. ఈ మాట రాయడానికి కలం ఆగింది. తెలుసు అంటే ఎంత తెలుసు? అప్పటికి ఐదారు నెలలుగా ఆమె దబ్బనంలో పురికొస ఎక్కించి ఇస్తున్నది నేనే. పొద్దున్నే వచ్చి ఏమీ మాట్లాడకుండా దబ్బనం నా ముందు పెట్టేది. నేను ఏమీ మాట్లాడకుండా ఎక్కించి ఇచ్చేదాన్ని. దబ్బనం బెజ్జం ఎంత ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. పక్కనుంచి తోపుడుబండి వస్తే మీదకు వచ్చేదాకా చూసేది కాదు. రెండుసార్లు తూకం కాటా స్తంభానికి గుద్దుకుంది. మేమంతా ఆటపట్టించాం. ఇవన్నీ చూసిన మనిషికి ఆమె కళ్ళు బాగాలేవని తెలిసినట్టా, తెలియనట్టా? అప్పట్లో నేను ఆ మాటను మాటగా అనుకోలేదు. పక్కామె చెయ్యి నెమ్మదించింది, నేను అందుకున్నాను, అంతే అనుకున్నాను. అంతేనా?

ఏడాది చివర పరీక్ష అన్నారు. విశాఖపట్నం నుంచి ఒక మేడం వస్తుంది, చదవడం, రాయడం, లెక్కలు చూస్తుంది అని సలోమి చెప్పింది. పరీక్ష మీకు కాదు, ఇక్కడ నేర్పే పద్ధతికి, అని కూడా చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. మేం విన్నాం, కానీ మా చెవులు మా పని నేర్పిన చెవులు. మా గోదాముకు బయటి వ్యాపారి వచ్చి దిమ్మలు చూశాడంటే దేనికి? బాగాలేనివి పక్కకు తీయించడానికే. నల్లగా ఉన్న దిమ్మకు ఏ జబ్బు చేసిందో కనుక్కుందామని ఏ వ్యాపారీ రాలేదు. అందుకని ఆ మేడం కూడా మాలో నల్ల దిమ్మల్లాంటివాళ్ళను పక్కకు తీయడానికి వస్తోందని అనుకున్నాం. దానికి తోడు గుమస్తా ఒక మాట వదిలాడు. ఎక్కువమంది తప్పితే ఆ పిల్ల టీచరు ఉద్యోగం ఊడిపోతుందన్నాడు. అతనికి ఎవరు చెప్పారని మాలో ఒక్కరూ అడగలేదు.

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం. చాపల మీద వరసలుగా కూర్చోబెట్టారు. నా పక్కన వదిన. గోదాంలో కూర్చున్నట్టే కూర్చున్నాం, ఎవరూ చెప్పకుండానే. తలా ఒక కాగితం ఇచ్చారు, ముందూ వెనకా అచ్చు వేసినది. నాది సగం అయ్యేసరికి వదిన వైపు చూశాను. పేరు రాసింది. పేరు చూడకుండా రాయగలదు. ఆ కింద ఏమీ లేదు. పెన్సిలు పట్టుకుని కాగితానికి ముఖం దగ్గరగా పెట్టి, కొంచెం పక్కకు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి చూస్తోంది. మెడ మీద చెమట.

ఆ తరువాత జరిగినది నాకు రెండు రకాలుగా గుర్తుంది. ఒక రకంలో ఆమె కాగితాన్ని చాప మీద నా వైపు జరిపింది, దబ్బనం పెట్టినట్టే. రెండో రకంలో నేను చెయ్యి చాచి లాక్కున్నాను. మొదటిదే నిజమైతే తప్పులో సగం ఆమెది. రెండోదే నిజమైతే అంతా నాది. ఏడేళ్ళుగా ఆ చాపను చూస్తూనే ఉన్నాను. కాగితం కదలడం కనిపిస్తుంది. కదిపిన చెయ్యి కనిపించదు. మనసు బాగున్న రోజు ఆమె జరిపినట్టు ఉంటుంది. బాగాలేని రోజు నేను లాక్కున్నట్టు ఉంటుంది. జ్ఞాపకాన్ని ఎవరితో సరిచూసుకోవాలి?

ఇంకొకటి కూడా చెప్పాలి. లెక్కల దగ్గర నేను ఆగిపోయాను. కూడికలు వచ్చు, భాగహారం తిరగబడింది. నేను లెక్కను గొణుక్కుంటూ చదువుకుంటుంటే పక్కనుంచి జవాబు వినిపించింది. వదిన గొంతు. ఒకటి కాదు, అన్నీ. ఆమె చెప్పింది, నేను రెండు కాగితాల మీదా రాశాను. ఆమె కాగితంలో చదువు నాది. నా కాగితంలో లెక్కలు ఆమెవి. మరి ఆ రోజు ఎవరు ఎవరి వరస అందుకున్నట్టు? మేడం గుమ్మం దగ్గర ఎవరికో కూర్చోవడానికి చోటు చూపిస్తోంది. సలోమి కిటికీ దగ్గర ఉంది. సలోమి చూసిందేమో. చూసి అటు తిరిగిందేమో. తప్పు ఆమె మీద వేసే హక్కు నాకు లేదు.

కాగితాలు అక్కడే దిద్దారు. ఇద్దరు తప్పారు. తప్పినవాళ్ళను మేడం పక్కకు పిలిచినప్పుడు, అదిగో, పక్కకు తీస్తోంది అని మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మిగతావాళ్ళు వెళ్ళిపోయినా నేను చాపలు చుట్టడానికి ఉండిపోయాను కనక జరిగింది చూశాను. మేడం సంచిలోంచి రెండు అట్టలు తీసింది. ఒకదాని మీద చిన్న అక్షరాలు, ఒకదాని మీద పెద్దవి. చిన్నవి చదవమంది. ఇద్దరూ చదవలేదు. పెద్దవి చూపించింది. ఒకామె రెండు అట్టల దగ్గరా తెల్లముఖం వేసింది. రెండో ఆమె పెద్ద అట్టను గబగబా చదివేసింది. మేడం నవ్వి, "మీకు చదువు వచ్చమ్మా, కళ్ళే చూపించుకోవాలి" అంది. సబ్బవరంలో కళ్ళ శిబిరం పెడుతున్నారని, జీపు వస్తుందని చెప్పి, పేరు రాసుకుంది.

చాప నా చేతిలో సగం చుట్టి ఉంది. అప్పుడు చెప్పవచ్చు. ఇంకొక మనిషి ఉందండి, ఆమెకూ ఆ అట్టలు చూపించండి, అనవచ్చు. చాప పూర్తిగా చుట్టి మూలన పెట్టాను.

పదిహేను రోజుల తరువాత మేడం గోదాముకు వచ్చింది. మధ్యలో సలోమి నాతో నా కాగితమే అన్నిటికంటే బాగుందని, లెక్కల్లో ఒక్క తప్పు లేదని, సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు నా పేరే ముందు పిలుస్తారని చెప్పి ఉంది. పుట్టి బుద్ధెరిగి నా పేరు ఎవరూ ముందు పిలవలేదు. మేడం నన్ను కాటా పక్కకు పిలిచి రెండు కాగితాలు చూపించింది.

"ఇవి రెండూ ఒకే చేతిరాతలా ఉన్నాయమ్మా," అంది.

"ఒక్క టీచరే కదండి నేర్పింది. ఒక్కలాగే వత్తాది."

"టీచరు ఇరవైమందికి నేర్పింది. మీ ఇద్దరివే ఇలా ఉన్నాయి."

"పక్కపక్కన కూకుంటామండి. ఆవిడ నన్ను సూసి నేర్సుకుంది."

ఆమె రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. కోపం లేదు. "ఇది చెబితే మీకు గానీ, ఆవిడకు గానీ, టీచరుకు గానీ ఏమీ కాదు. ఎవరికి ఎన్ని మార్కులని కాదు నేను చూసేది. రానివాళ్ళకు ఎందుకు రాలేదో తెలుసుకోవడానికే తిరుగుతున్నాను. చెప్పండి, ఆవిడే రాసిందా?"

"ఆవిడే రాసిందండి."

"మీరు చూశారా?"

"పక్కనే ఉన్నాను కదండి. సూసేను."

"సరేనమ్మా," అని కాగితం మూలన చిన్న గుర్తు పెట్టుకుని వెళ్ళిపోయింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో. ఆమె అడిగింది ఎంత తేలిక ప్రశ్న. ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. సంచి పట్టుకుని ఒక గంటసేపు వచ్చి పోయే మనిషికి పదహారేళ్ళ పక్క వరస ఎలా కనిపిస్తుంది, కనిపించకపోవడం ఆమె తప్పా, అనుకుంటాను. మళ్ళీ, ఆమె చూసింది, అడిగింది, రెండోసారి కూడా అడిగింది, దాచింది నువ్వు కదా, అనుకుంటాను. ఎందుకు దాచాను? సలోమి ఉద్యోగం కోసమా? ఎవరికీ ఏమీ కాదని మేడం చెప్పాక ఆ మాట చెల్లదు. వదిన పరువు కోసమా? కొంత. నా పేరు ముందు పిలవాలని ఉండడం వల్లా? రెండో కాగితం నాదని ఒప్పుకుంటే మొదటి కాగితంలో లెక్కల సంగతీ బయటపడుతుంది కదా. ఇంకా లోపలికి వెళితే ఇంకొకటి ఉంది. దిమ్మ తలకాయ అన్న మనిషి నా ముందు కాగితం పట్టుకుని బిక్కముఖం వేయడం నాకు కొంచెం, చాలా కొంచెం, తీపిగా ఉందా? లేదని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. ఉందని రాయడానికి కూడా నాకు నిజంగా గుర్తు లేదు.

ఆ మరుసటి వారం జీపు వచ్చింది. కళ్ళ కోసం పేరు రాసుకున్న ఆమె ఎక్కింది. వేరే పేటల నుంచి ఇంకో నలుగురు. వెనక సీటులో చోటు ఉంది. నేను చూశాను. ఆమె పక్క గోదాం మనిషి, తరువాత కళ్ళద్దాలతో పనిలోకి వచ్చింది. ఇప్పటికీ కుడుతోంది.

మా బడి బాగా నడిచిందని, అందరికీ చదువు వచ్చేసిందని రాసుకుని దాన్ని ముగించేశారు. ఎక్కువమంది తప్పిన చోట్ల ఇంకో ఆరు నెలలు పొడిగించారట. ఇది తెలిశాక మేం ఉద్యోగం నిలబెడదామనుకున్న సలోమి ముఖం చూడలేకపోయాను. ఆ పిల్ల తరువాత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

రెండేళ్ళు పూర్తి కాకుండానే వదిన పని మానేసింది. తోపుడుబండి తగిలి పడింది. అప్పుడు కొడుకు విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చీటీలు చదవడానికి నన్ను తోడు రమ్మన్నారు. వెళ్ళాను. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, ఇంకా ముందే తెచ్చి ఉంటే ఉన్నదాన్ని ఆపేవాళ్ళం, అన్నాడు. కొడుకు తల పట్టుకున్నాడు. అతనికి అచ్యుతాపురంలో ఉద్యోగం, చీకటితో కంపెనీ బస్సు ఎక్కేవాడు, తల్లి తడుముకోవడం అతను చూడలేదు. చూసినదాన్ని నేను పక్కన నిలబడి ఉన్నాను. చీటీ పైకి చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

నేను నాకు చెప్పుకునే మాట ఒకటి ఉంది. ఆ అట్టలు చూపించినా చిన్న అక్షరాల జబ్బే అనుకుని, సబ్బవరంలో కళ్ళద్దాలిచ్చి పంపేసేవారేమో. లోపలి ఒత్తిడి వాళ్ళకు దొరికేది కాదేమో. దొరికేదేమో. ఈ రెండు 'ఏమో'ల మధ్య నేను ఎన్నాళ్ళుగా తిరుగుతున్నానో చెప్పలేను. మా చర్చిలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది, లేచి ముందుకు వెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. దానికి ముందు ఎవరిని వారు పరీక్షించుకోండి అని పాస్టరు అయ్యగారు అంటారు. నేను కళ్ళు మూసుకుంటాను. మొదటి 'ఏమో' పట్టుకుంటే లేచి వెళ్ళగలను. రెండోది పట్టుకున్న నెల కూర్చునే ఉండిపోతాను. మోకాళ్ళ నొప్పి అని పక్కవాళ్ళకు చెబుతాను.

ఇప్పుడు వదినకు వెలుతురు, చీకటి తెలుస్తాయి. అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళి పేపరు చదివి వినిపిస్తాను. బెల్లం ధర మొదట చదవమంటుంది. ఆమె సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే అటువైపు చెయ్యి చూపిస్తుంది, ఒక్కోసారి వేరే గోడ వైపు చూపిస్తుంది. పోయినసారి కోడలి చుట్టాలెవరో వచ్చారు. వాళ్ళ ముందే నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నువ్వు నా వరస అందుకోపోతే, ఆ ఇద్దరితోపాటు నన్నూ పక్కకి నిలబెట్టీవోరే. సిగ్గుతో సచ్చిపోదును" అంది.

ఆ ఇద్దరితోపాటు. ఆ ఇద్దరిలో ఒకామెకు మేడం ఏం చూపించిందో, జీపు దేనికి వచ్చిందో వదినకు తెలియదు. ఆ జీపు వేరే ఏదో పని మీద వచ్చిందని అప్పట్లో నేనే చెప్పాను. మేడం రెండోసారి వచ్చి నన్ను అడిగిందని కూడా తెలియదు. తెలియనిది ఇదే. నేను రాశానని ఆమెకు తెలుసు, దానికి నన్ను మెచ్చుకుంటుంది. ఆ మెప్పు వినడానికి ప్రతి ఆదివారం వెళుతున్నానా, శిక్షగా వెళుతున్నానా? చెబితే నాకు తేలిక అవుతుంది, సరే. ఆమె దగ్గర మిగిలినది ఆ ఫ్రేమూ, నా చెయ్యీ. రెండూ ఒక్క మాటతో పోతాయి. దీన్ని జాలి అనాలా, పిరికితనం అనాలా? ఏదో ఒకటి అనేసుకుంటే బాగుండును. ఏ పేరూ సరిపోవడం లేదు.

ఇంతవరకు రాయడానికి నాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఇప్పుడే మొదటినుంచి పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, తలుపు తీసే ఉంది. "ఆవిడ రాయలేదండి, నేను రాసేను, ఆవిడికి కళ్ళు కనపడవండి" అని రాసిన దాంట్లో లేని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది. గట్టిగానే వచ్చింది. వీధిలో ఎవరో ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయారు. ఆ మాట వినవలసిన వాళ్ళెవరూ వినలేదు. దానివల్ల ఎవరికీ చూపు రాదు. అయినా చాలాకాలం తరువాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఆ గాలి నాకు దక్కవలసిందో కాదో తెలియదు. పీల్చుకున్నాను.